డమ్మీ కేకుకు ఖరీదైన ఫాండెంట్ కొనాలా?

ప్రశ్న: అక్కా, ఇన్నాళ్లూ ఇంట్లోనే కేకులు చేసి అమ్మాను. ఇప్పుడు చిన్న షాపు అద్దెకు తీసుకున్నాను. షోకేస్‌లో పెట్టడానికి థర్మకోల్ దిమ్మలతో మూడంతస్తుల డమ్మీ కేకు ఒకటి, చిన్నవి రెండు చేయాలి. పైన కప్పే ఫాండెంట్ (పంచదార ముద్ద) పేరున్న కంపెనీది అయితే ఖర్చు తడిసి మోపెడవుతోంది. చవక రకం పగులుతుందని ఒకరు, వానాకాలంలో చెమ్మగిల్లి కారుతుందని ఇంకొకరు టెన్షన్ పెడుతున్నారు. ఏది కొనను?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: చవకదే కొనండి. ఖరీదైన ఫాండెంట్‌కి ఎక్కువ డబ్బిచ్చేది రుచి కోసం, తినేటప్పుడు మెత్తగా ఉంటుందని. థర్మకోల్ మీద వేసినదాన్ని ఎవరూ కోసుకు తినరు కదా. పైగా అది ఎంత త్వరగా ఎండి బిగుసుకుంటే మీకు అంత మంచిది. గడువు దగ్గరపడిందని రేటు తగ్గించి ఇచ్చే ప్యాకెట్లైనా పర్లేదు, నొక్కితే వేలు దిగాలి, అంతే. రేటు మాత్రం కిలో లెక్కన పోల్చండి. చిన్న ప్యాకెట్లు చవకగా కనిపిస్తాయి గానీ కూడితే తేడా తెలుస్తుంది. 8 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తున్న డమ్మీకి 3 మిల్లీమీటర్ల మందాన ఒత్తితే సుమారు 700 గ్రాములు పడుతుంది.

తెల్లది కొని జెల్ కలర్ కలుపుకోండి. ముదురు ఎరుపు, నలుపు మాత్రం రంగు వేసినవే కొనాలి. తెల్లదాన్ని అంత ముదురుగా చేయాలంటే పట్టే రంగుకి అది జిగురైపోయి చేతులు వదలదు.

ఇంకా తక్కువలో కావాలంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. పావు కప్పు చల్లటి నీళ్లలో ఒకటిన్నర టేబుల్ స్పూన్ల జెలటిన్ నానబెట్టి, వేడినీళ్ల గిన్నె మీద కరిగించండి. అందులో అర కప్పు లిక్విడ్ గ్లూకోజ్, రెండు టేబుల్ స్పూన్ల డాల్డా, అర టేబుల్ స్పూను గ్లిజరిన్ వేసి, 900 గ్రాముల ఐసింగ్ షుగర్‌లో పోసి కలపండి. తినే కేకుకైతే గ్లిజరిన్ రెట్టింపు వేస్తాం, అది మెత్తగా ఉంచుతుంది కాబట్టి. మిక్సీ పట్టిన పంచదార వద్దు. ఎంత జల్లించినా పలుకు మిగిలి, ఒత్తేటప్పుడు చిరుగుతుంది.

పగలడానికి కారణం చవకదనం కాదు, థర్మకోల్ అంచు. కొత్త దిమ్మ అంచు కత్తిలా ఉంటుంది, ఫాండెంట్ సరిగ్గా అక్కడే తెగుతుంది. ఇంకో థర్మకోల్ ముక్కతో ఆ అంచును రుద్ది గుండ్రం చేయండి. ఈ పని పెరట్లో పెట్టుకోండి, ఆ తెల్ల పూసలు ఇల్లంతా ఎగిరితే ఊడ్వలేక చస్తాం. తర్వాత దిమ్మకు క్లింగ్ ఫిల్మ్ (పల్చటి ప్లాస్టిక్ పొర) బిగించి చుట్టి, పైన పల్చగా డాల్డా రాసి ఫాండెంట్ కప్పండి. మడతపడి పొడిబారినచోట కూడా వేలితో కాస్త డాల్డా రుద్దితే గీతలు కలిసిపోతాయి.

వానాకాలం భయం నిజమే, మీ గోదావరి జిల్లాల గాలిలో చెమ్మ ఎక్కువ. కప్పిన కేకుని ఫ్రిజ్‌లో పెట్టకండి. బయటికి తీయగానే నీళ్లు పట్టి బంకవుతుంది. ఫ్యాన్ కింద రెండు మూడు రోజులు వదిలేయండి. పువ్వులకు, బొమ్మలకు పావు కిలో ఫాండెంట్‌కి ఒక టీస్పూను సీఎంసీ పౌడర్ (ఫాండెంట్‌ని గట్టిపరిచే పొడి) కలపండి. మిగిలిన డబ్బు పెట్టాల్సింది దీని మీదే. రేకులు వాలకుండా నిలబడతాయి.

షోకేస్‌కి ఎండ తగిలితే ఊదా రంగు జోలికి పోకండి. అందులోని గులాబీ ముందు వెలిసి, కేకు నీలంగా మారుతుంది. చీమలకు షోకేస్ కాళ్ల చుట్టూ చీమల సుద్దతో గీత గీయండి. దుమ్ము పడితే మెత్తటి పొడి బ్రష్‌తో దులపాలి, తడిగుడ్డ వద్దు. ఏడాది తర్వాత డిజైన్ మార్చాలనిపిస్తే క్లింగ్ ఫిల్మ్‌తో సహా ఊడదీసేయండి. ఎక్కడైనా అంటుకుంటే కాసేపు నీళ్లలో ఉంచితే చాలు, అదే దిమ్మ మళ్లీ వాడుకోవచ్చు.