పాఠకుల ప్రశ్నలు: లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర ఒక గ్రామం. మొన్నటి దాళ్వా (రబీ వరి) కోతల సమయంలో మా వీధిలోని 19 ఏళ్ల కుర్రాడు రాత్రి పది దాటాక ఇద్దరు స్నేహితులను వెనక ఎక్కించుకుని కాలువ గట్టు మీదుగా వస్తూ, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం చుట్టూ పెట్టిన రాళ్లను ఢీకొని చనిపోయాడు. అతడికి లైసెన్సు వచ్చి అప్పటికి రెండు నెలలే. లైసెన్సు వయసును 18 నుంచి 21కి పెంచితే ఇలాంటివి తగ్గుతాయని నా నమ్మకం. మా అబ్బాయికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. తెల్లవారుజామున కోచింగుకు నా బండి మీదే వెళ్తాడు గానీ చాలా జాగ్రత్తగా నడుపుతాడు. మీ అభిప్రాయం తెలుపగలరు.
— ఒక తండ్రి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అయ్యా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మీ దృష్టి ఆ కుర్రాడి వయసు మీద నిలిచింది. నా దృష్టి మాత్రం మీరే రాసిన మరో మూడు విషయాల దగ్గర ఆగింది. లైసెన్సు వచ్చి రెండు నెలలు, రాత్రి పది దాటిన వేళ, బండి మీద ముగ్గురు. అదే లైసెన్సు అతడికి 21వ ఏట వచ్చి ఉంటే, ఆ రెండు నెలల కొత్తదనం అప్పుడు మొదలయ్యేది.

వయసుకు ప్రాధాన్యం లేదని నేను అనడం లేదు. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు భాగం ఇరవై దాటి కొన్నేళ్ల వరకూ పరిణతి చెందుతూనే ఉంటుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. న్యూజిలాండ్ 2011లో కనీస వయసును 15 నుంచి 16కి పెంచింది కూడా. అయితే ఆ దేశం అంతకు చాలా ముందే, 1987లోనే, లైసెన్సును మెట్లు మెట్లుగా ఇచ్చే పద్ధతిని మొదలుపెట్టింది. మధ్య మెట్టులో ఉన్నవారు రాత్రి పది నుంచి తెల్లవారి ఐదు వరకు ఒంటరిగా నడపకూడదు, అనుభవజ్ఞుడు పక్కన లేకుండా ఇతరులను ఎక్కించుకోకూడదు. అమెరికాలో ఇలాంటి నియమాల ఫలితాన్ని పరిశీలించి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, నియమాలు కఠినంగా ఉన్న రాష్ట్రాల్లో 16 ఏళ్ల వారి ప్రాణాంతక ప్రమాదాలు తగ్గగా, 18 ఏళ్ల వారివి పెరిగినట్లు తేలింది. నియమాలు వర్తించే వయసు దాటేవరకూ ఆగి, ఏ అభ్యాసమూ లేకుండా నేరుగా పూర్తి లైసెన్సు తీసుకున్నవారు ఉండటం అందుకు ఒక కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. మన కనీస వయసు ఇప్పటికే 18 కనుక, ఇంకా పెంచి సాధించగలిగేది వారికంటే మనకు తక్కువ.

ఇక మన గట్టు రోడ్డు సంగతి చూద్దాం. ఏప్రిల్ వచ్చేసరికి డెల్టాలో దాళ్వా కోతలు, పిల్లలకు పరీక్షలు అయిపోయి సెలవులు, రెండూ కలిసి వస్తాయి. కల్లాలకు చోటు చాలక రైతు తారు రోడ్డు మీద సగం మేర ధాన్యం పరిచి, చక్రాలు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చి, రాత్రికి కుప్పచేసి బరకం కప్పుతాడు. నల్లటి రోడ్డు మీద నల్లటి బరకం చీకట్లో ఎంత దగ్గరకు వస్తే కనిపిస్తుందో రాత్రిపూట ఆ దారిన వెళ్లినవారికి తెలుసు. పదేళ్లుగా బండి నడుపుతున్నవాడు ఆ నెలలో గట్టెక్కుతూనే వేగం తగ్గిస్తాడు. కుప్ప కనబడకపోయినా అక్కడ ఉంటుందని అతడికి ఎరుకే. రొయ్యల లారీ కార్చుకుంటూ పోయిన నీళ్లు మలుపులో ఎలా జారుస్తాయో, లాకుల దగ్గర వంతెన దిగగానే ఎదురుగా ఏ బండి వస్తుందో కూడా అలా తెలిసినవే. ఈ ఎరుక పుట్టినరోజుతో రాదు, నెలల తరబడి పగటిపూట ఒంటరిగా నడిపితేనే వస్తుంది. (ధాన్యం ఎత్తాక రాళ్లను రోడ్డు మీదే వదిలి వెళ్లే రైతు సోదరుల మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది గానీ, అది వేరే జవాబుకు సరిపడా విషయం.)

మన చట్టంలో లోపం ఇక్కడే ఉంది. ఎల్ బోర్డు పెట్టుకుని నేర్చుకునేవాడు నేర్పే మనిషిని తప్ప వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. లెర్నర్ లైసెన్సు వచ్చిన 30 రోజులకు పరీక్ష పెట్టించుకుని నెగ్గితే, ఆ సాయంత్రం నుంచే అతడు ఏ వేళనైనా, ఏ రహదారి మీదనైనా, వెనక మనిషిని కూర్చోబెట్టుకుని వెళ్లవచ్చు. ఈ రెంటికీ నడుమ ఒక మెట్టు ఉండాలి. మొదటి ఏడాది రాత్రి తొమ్మిది తర్వాత బండి తీయరాదని, వెనక ఎవరూ కూర్చోరాదని నియమం పెట్టి, ఆ ఏడాది బండికి ఒక గుర్తు అంటిస్తే, కూడలిలోని కానిస్టేబులు దూరం నుంచే పట్టుకోగలడు. నడిపేవాడికి ఇరవయ్యా, ఇరవై ఒకటా అన్నది బండి ఆపి కార్డు చూస్తే తప్ప తెలియదు.

పైగా 21 అంటే మన పల్లెల్లో జరిగేది ఊహించడం కష్టం కాదు. పద్దెనిమిది దాటిన కుర్రాళ్లు చేపల చెరువులకు మేత వేయడానికి, పాలు పోయడానికి, భీమవరం కాలేజీలకు బండి మీదే వెళ్తారు. ఆ వేళకు ఆ దారిన బస్సు రాదు. వారు నడపడం మానరు, లైసెన్సు లేకుండా నడుపుతారు. లైసెన్సు లేనివాడు ప్రమాదం చేస్తే, బీమా సంస్థ బాధితుడికి పరిహారం చెల్లించినా, ఆ సొమ్మును బండి యజమాని నుంచి రాబట్టుకునే వీలుంది. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో హెల్మెట్ లేనివారే 50,029 మంది. వయసు పెంచడం కంటే ముందు చేయవలసిన పని ఆ రెండో అంకెలో కనిపిస్తోంది.

చివరగా, మీ అబ్బాయి గురించి. ఉత్తరంలో మీరు తేలికగా రాసిన ఆ ఒక్క వాక్యమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 199ఎ సెక్షను ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికీ యజమానికీ, మీ విషయంలో ఇద్దరూ మీరే, మూడేళ్ల జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది. నడిపిన మైనరుకు 25 ఏళ్లు నిండేవరకూ లైసెన్సు ఇవ్వరు. మీ అబ్బాయి జాగ్రత్తగా నడుపుతాడని మీరు అంటున్నారు, బహుశా నిజమే. అయినా 21 కావాలని అడుగుతున్న మీరు ఇంట్లో 18నే పాటించడం లేదు. అతడికి 18 నిండడానికి నాలుగు నెలలో, ఆరు నెలలో ఉంటుంది, ఈలోగా కోచింగుకు మీరే దింపి రండి, లేదా అదే ఊరి నుంచి వెళ్లే మరో నలుగురు పిల్లల తండ్రులతో కలిసి ఒక ఆటో మాట్లాడుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. కాలేజీకి ఎలక్ట్రిక్ స్కూటర్ కొనిద్దామనుకుంటున్నాము. దానికి లైసెన్సు అక్కర్లేదని షాపువారు అంటున్నారు. నిజమేనా?
— ఒక తల్లి, అమలాపురం

జవాబు: కొన్నిటికి మాత్రమే నిజమమ్మా. మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, బ్యాటరీ కాక బరువు 60 కిలోలు మించని బండిని చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. దానికి లైసెన్సూ రిజిస్ట్రేషనూ అవసరం లేదు. షాపువారి మాట మీద ఆధారపడకుండా, ఈ పరిమితులకు లోబడినదేనని ధ్రువీకరించే పరీక్షా సంస్థ పత్రాన్ని అడిగి చూడండి. కొన్నాక వేగ పరిమితిని తీసేయించుకుంటే మాత్రం అది మోటారు వాహనమే, పైన ఆ తండ్రికి చెప్పిన సెక్షను మీకూ వర్తిస్తుంది. పదహారేళ్ల వారికి లైసెన్సు ఇచ్చేది 50 సీసీ మించని ఇంజిను బండికే గనుక, ఆ లైసెన్సు మీ స్కూటరుకు అక్కరకు రాదు. హెల్మెట్ బండితోపాటే కొనండి.