మీ లెక్కలో సున్నా వేసిన ఖర్చు

ప్రశ్న: నాకు 54 ఏళ్లు, స్టాఫ్ నర్సుని. మా అబ్బాయికి 28, ఆరేళ్లుగా స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు. మావారు లేరు. అమ్మాయి వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తోంది. వార్డులో ఇరవై మందిని చూసేదాన్ని, ఇంట్లో ఒక్కడిని చూసుకోలేనా? ఉద్యోగం మానేసి, ఇల్లు వాడి పేర రాసేద్దామనుకుంటున్నాను. సరైనదేనా?

జవాబు: అమ్మా, ఆ రెండు పనులూ ఇప్పుడు చేయకండి.

మీరు పంపిన నెల ఖర్చుల కాగితం చూశాను. మందులకు, రక్త పరీక్షలకు, డాక్టరు ఫీజుకు అంకెలున్నాయి. ఇంజెక్షన్ వేయించడానికి మాత్రం సున్నా. నెలనెలా మీరే వేస్తున్నారు కదా మరి! మాత్ర మింగాడా లేదా చూడటం, రాత్రి నిద్రపోయాడో లేదో కనిపెట్టడం అయితే ఆ కాగితంలోనే లేవు. మీరు లేని రోజున వీటన్నిటికీ ఎవరికో డబ్బివ్వాలి. బయటి మనిషి ఎంత అడుగుతారో కనుక్కుని, ఆ సున్నా కొట్టేసి అంకె వేయండి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఆ అంకె సుమారు 12 ఏళ్లకోసారి రెట్టింపవుతుంది. అబ్బాయికి 64 వచ్చేసరికి 8 రెట్లు.

అంత డబ్బు సమకూర్చగలిగేది మీ జీతమే. పైగా వార్డులో మీ షిఫ్టు అయ్యాక ఇంకొకరు వస్తారు, ఇంట్లో ఎవరు వస్తారు? రాజీనామాకు ముందు నైట్ డ్యూటీలు తప్పించమని అడగండి, దీర్ఘకాల సెలవు సంగతి చూడండి. జీతంలోంచి వారానికి రెండు రోజులు సాయానికి మనిషిని పెట్టుకోండి. ఇంకో ముఖం ఇప్పుడే అలవాటైతే రేపు అబ్బాయికి టెన్షన్ తక్కువ.

ఆఫీసులో రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: పెద్దవాడైన బిడ్డకు మీ ఆరోగ్య బీమా వర్తిస్తుందా, మీ తర్వాత కుటుంబ పెన్షన్ వస్తుందా. వాటికి వైకల్య ధ్రువపత్రం అవసరమైతే మీరుండగానే తీసుకోండి.

ఇల్లు నేరుగా రాసిస్తే, జబ్బు ముదిరిన రోజుల్లో ఒక్క సంతకంతో పోవచ్చు. మీకూ నీడ ఉండదు. లాయర్‌తో వీలునామా, దాంతోపాటు ట్రస్టు, అంటే అబ్బాయి కోసం ఆస్తిని ఇంకొకరు (ట్రస్టీ) చూసే ఏర్పాటు, రాయించండి: అబ్బాయి ఆ ఇంట్లోనే ఉంటాడు, ఖర్చులకు నెలనెలా డబ్బు అందుతుంది. కొన్ని దేశాల్లో ఆస్తి నేరుగా చేతికొస్తే ప్రభుత్వ సాయం ఆగిపోవచ్చు కూడా. ఇదంతా అబ్బాయి తేరుకుని ఉన్న రోజున తనతో కూర్చుని మాట్లాడండి. ఈ జబ్బుతోనే ఉద్యోగాలు చేసుకునేవాళ్లున్నారు, మీ అబ్బాయిని ముందే లెక్కలోంచి తీసేయకండి.

ఇంకొకటి, డ్యూటీ దిగేటప్పుడు ఇచ్చే హ్యాండోవర్ లాంటిది అబ్బాయికీ రాసిపెట్టండి. ఏ మందు పడలేదు, తిరగబెట్టే ముందు ఏం మారుతుంది, ఎవరు చెబితే వింటాడు. ఇది మీ ఒక్కరికే తెలుసు.

ట్రస్టీగా అమ్మాయి పేరు రాసేముందు ఆమెను అడగండి. డబ్బు చూడటం ఒప్పుకుని, తమ్ముడిని దగ్గరుండి చూసుకోవడం తన వల్ల కాదనొచ్చు. అప్పుడు ఆ రెండు పనులూ ఇద్దరికి అప్పగించాలి. మీ ఉత్తరంలో ఆమె గురించి ఒక్క వాక్యమే ఉంది.