ఇంటి గోడ మీద ఎర్ర గీత పడితే

ప్రశ్న: రోడ్డు వెడల్పు చేస్తామంటూ మున్సిపాలిటీ వాళ్లు మా గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి వెళ్లారు. ముందు వైపు 8 అడుగులు పోతుందట. వంద రూపాయల స్టాంపు కాగితం మీద 'అభ్యంతరం లేదు' అని సంతకం అడుగుతున్నారు. పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఇప్పుడే పెట్టకండి. గోడ మీద గీత నోటీసు కాదు. ముందు నోటీసు ఇవ్వాలి, మీ మాట వినాలి, కారణాలు చూపి నిర్ణయం చెప్పాలి, పరిహారం ఇవ్వాలి. ఇవేవీ లేకుండా ఇల్లు తీసుకుంటే ఆస్తి హక్కును కాపాడే రాజ్యాంగం 300ఏ అధికరణానికి విరుద్ధమని కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇవ్వడం మీకు ఇష్టమే అయినా, ఆ కాగితంలో ఏం రాశారో చూడండి. 'ఉచితంగా', 'స్వచ్ఛందంగా' అన్న మాటలుంటే కొట్టేయించండి. డోర్ నంబరు, ఎన్ని చదరపు గజాలు, స్థలానికి ఎంత, కట్టడానికి ఎంత, ఎన్ని రోజుల్లో ఇస్తారు, కూల్చాక మిగిలిన గోడను ఎవరు కట్టాలి అన్నవి రాసి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, 2013 భూసేకరణ చట్టం కింద తీసుకుంటున్నట్టు అందులో ఉండాలి. ఆ చట్టం 96వ సెక్షన్ ప్రకారం అవార్డుకైనా (పరిహారం ఎంతో తేల్చి కలెక్టరు ఇచ్చే ఉత్తర్వు) ఒప్పందానికైనా ఆదాయపు పన్ను, స్టాంపు డ్యూటీ ఉండవు. మామూలు సేల్ డీడ్‌గా రాసిచ్చేస్తే ఈ మినహాయింపు కోసం తర్వాత తిప్పలు పడాలి.

డబ్బుకు బదులు టీడీఆర్ బాండు ఇస్తామంటే ఒకసారి ఆలోచించుకోండి. అది అదనంగా కట్టుకునే హక్కు, నగదు కాదు. మీరు ఇంకో అంతస్తు వేయకపోతే బిల్డరుకు అమ్ముకోవాలి. ఊళ్లో అందరి చేతుల్లోనూ బాండ్లుంటే ధర పడిపోతుంది.

ప్రశ్న: పరిహారం ఎలా లెక్కకడతారు? రిజిస్ట్రేషన్ విలువే ఇస్తారా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: 2013 భూసేకరణ చట్టం కిందైతే అదొక్కటే కాదండీ. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోని విలువ ఒక పక్క, చుట్టుపక్కల గత మూడేళ్లలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు ఇంకో పక్క. ఏది ఎక్కువైతే అది. ఆ విలువను ఒక గుణకంతో హెచ్చిస్తారు గానీ, పట్టణంలో అది 1 కాబట్టి పెరగదు. దానికి కట్టడం విలువ కలిపి, మొత్తానికి నూరు శాతం సొలేషియం (బలవంతంగా తీసుకుంటున్నందుకు ఊరటగా ఇచ్చే సొమ్ము) ఇస్తారు. తొలి నోటిఫికేషన్ నుంచి అవార్డు దాకా స్థలం విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం.

ఊహకు: 40 గజాలు, గజం 30,000 అయితే స్థలం 12 లక్షలు. కట్టడం 6 లక్షలు. రెండూ కలిపి 18, సొలేషియంతో 36 లక్షలు. ఏడాది పడితే ఇంకో 1,44,000.

నష్టం జరిగేది కట్టడం దగ్గరే. ఇంజినీరు ఇంటి వయసును బట్టి తరుగు తీస్తాడు, అది సరే. కానీ పంచనామాలో (అక్కడికక్కడే చూసి రాసుకునే వివరాల పత్రం) బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, మెట్లు ఎక్కకపోతే వాటికి పైసా రాదు. కొలతల రోజు టేపు రెండో కొస మీరే పట్టుకోండి. గీత దగ్గర పిల్లరు సగం పోతుంటే 'పిల్లరు తీస్తే పై శ్లాబు నిలవదు' అని పంచనామాలోనే రాయించండి. రాయనంటే సంతకం పక్కన మీ చేత్తో రాయండి.

ప్రశ్న: మా ఇంట్లో సగం పైగా పోయి 20 గజాలే మిగులుతోంది. దాన్నేం చేసుకోవాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మొత్తం ఇల్లు తీసుకోమని అడిగే హక్కు 2013 భూసేకరణ చట్టం 94వ సెక్షన్‌లో ఉంది. యజమాని మొత్తం ఇవ్వాలనుకుంటే ఇంట్లో ఒక ముక్కను మాత్రమే సేకరించకూడదు. అవార్డు రాకముందే రాతపూర్వకంగా అడిగి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. సేకరణ ఈ చట్టం కింద జరిగితేనే ఇది పనికొస్తుంది.

ప్రశ్న: ఇల్లు చనిపోయిన నాన్నగారి పేరున ఉంది. అవార్డు తక్కువగా వచ్చింది. చెక్కు తీసుకుంటే ఒప్పుకున్నట్టేనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వారసులంతా ఒక మాట మీద లేకపోతే సొమ్ము భూసేకరణ వివాదాలు తేల్చే అథారిటీ దగ్గర జమ అవుతుంది, అక్కడి నుంచి బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది. ముందే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదులు సిద్ధం చేసుకోండి. ఇంటి మీద లోను ఉంటే బ్యాంకు లేఖ కూడా.

చెక్కు తీసుకోండి. కానీ రసీదు మీద 'అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను' అని రాసి సంతకం చేయండి. ఆ మాట లేకుండా తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం 64వ సెక్షన్ కింద ఎక్కువ అడిగే దారి మూసుకుపోతుంది. అవార్డు చెప్పినప్పుడు మీరు అక్కడే ఉంటే 6 వారాల్లో కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వాలి. లేకపోతే నోటీసు అందిన 6 వారాలు, అవార్డు తేదీ నుంచి 6 నెలలు, వీటిలో ఏది ముందైతే అది గడువు. నోటీసు వచ్చిన కవరు పారేయకండి, దాని మీది పోస్టు ముద్రే మీ తేదీకి సాక్ష్యం.