షావుకారు తాత ఫోటో అద్దానికి పట్టేసుకుంటే

పాత ఫోటో మీద మెరిసే మచ్చలొచ్చాయి, బూజేనా అని అడిగారు కదా, అవి బూజు కాకపోవచ్చన్నా, మీ తిరుపతి సత్రం కట్టించిన షావుకారు గారి ఫోటో అద్దానికే అతుక్కున్నట్టుంది, అద్దానికీ ఫోటోకీ మధ్య గ్యాప్ లేకుండా ఫ్రేమ్ కడితే నవంబర్ వానల తేమకి ఫోటో మీద బొమ్మ ఉండే జెలటిన్ పొర మెత్తబడి పట్టేసుకుంటుంది.

1. పీకొద్దు, తడపొద్దు. పీకితే మొహం అద్దం మీదే ఉండిపోతుంది.

2. అందరూ వదిలేసేది ఇదే: ముందు అద్దంతోనే కాపీ తీయండి. ఫ్లాష్ ఆపేసి, లైట్ పక్కనుంచి ఏటవాలుగా పెట్టి, మన నీడ అద్దంలో పడకుండా నల్లగుడ్డకి బొక్క పెట్టి అందులోంచి కెమెరా పెడితే జరీ తలపాగా, మీరన్న రావు బహద్దూర్ మెడల్ దాకా క్లియర్‌గా వస్తాయి.

3. ఫ్రేమ్ వెనక స్టూడియో ముద్ర ఉంటే దానికీ ఫోటో తీసుకోండి.

4. ఒరిజినల్‌ని అద్దంతో సహా తేమ లేని బీరువాలో పడుకోబెట్టండి. గోడకి కాపీ తగిలించండి, అద్దానికి అంటకుండా మధ్యలో మౌంట్ అట్ట (ఫోటో చుట్టూ పెట్టే మందపాటి అట్ట) పెట్టించి. దండ కూడా దానికే వెయ్యమనండి.