అన్నచోటే అడుగు

చిరంజీవి అల్లుడికి,

పర్లాకిమిడి నుంచి మామయ్య ఆశీస్సులు.

చీర దొరికిందని మీ అమ్మ ఫోన్ చేసింది. కుంభం అంచు పట్టుచీర మీ కొట్టు గుమస్తాగారు మాయం చేశారని పదిమందిలో అనేశావు. అదేమో గోడౌన్ పైఅరలో, వేరే పెట్టెలో పడి ఉందట. ఇప్పుడు ఠాకురాణీ అమ్మవారి యాత్ర అయ్యాక ఆయనకి స్వీట్ బాక్సు పంపిస్తానంటున్నావట. రెండేళ్లకోసారి వచ్చే యాత్ర, బరంపురం అంతా దేశిబెహరా వీధిలోనే ఉంటుంది, ఆ సందట్లో ఇది కలిసిపోతుందని నీ ఆశ. నాకు తెలీదా?

క్షమాపణ నువ్వే అడుగు, అన్నచోటే అడుగు. గుట్టుగా ఇంటికెళ్లి కలిస్తే నీ పరువు దక్కుతుంది గానీ ఆయనది తిరిగి రాదు. పనివాళ్లంతా వచ్చాక, కౌంటర్ ముందే చెప్పు. 1936లో గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది మొదలు మనకి ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా. ఆ రోజు చీర కోసం వచ్చిన ఆస్కా పెళ్లివారికి అర్థం కావాలని ఒడియాలో అరిచావు కదా, క్షమించమని మాత్రం తెలుగులో గొణిగితే ఎలా? ఒడియాలోనే అడుగు. ఆస్కావాళ్ల నంబరు బిల్లు మీద ఉంటుంది, ఆయన ఎదుటే ఫోన్ చేసి వాళ్లకీ చెప్పు.

"ఏమైనా పొరపాటుగా అనుంటే" అని మొదలుపెట్టకు. అన్నావు! "మిమ్మల్ని దొంగ అన్నాను. వెతక్కుండా అన్నాను. తప్పు నాదే." అంతే. పెళ్లిళ్ల సీజన్ టెన్షన్ సంగతి ఎత్తకు. నిజమే అయినా ఆయనకెందుకు?

జీతంలో పట్టుకున్న డబ్బు ముందురోజే ఇచ్చెయ్. రెండూ కలిపి చేస్తే డబ్బిచ్చి నోరు మూయించినట్టుంటుంది.

అంచుకి అంచు కలిపి, పమిట పైకి కనిపించేలా చీర మడతపెట్టడం నీకు నేర్పింది ఆయనే. యజమాని తలవంచితే పనివాళ్లు నెత్తికెక్కుతారని మీ నాన్న అంటారు. మన వర్తకుల్లో ఆ భయం పాతదే, అలా జరగడం నేనెక్కడా చూళ్లేదు. నింద వేసి ఊరుకున్న కొట్లలో మాత్రం, సరుకు తగ్గినా పనివాళ్లు యజమానికి చెప్పడం మానేస్తారు. అది చూశాను.

ఆయన వెంటనే "పర్లేదు బాబూ" అనకపోవచ్చు. నిలబడి వినిపించుకో, మళ్లీ మళ్లీ అడిగి విసిగించకు. గోడౌన్ తాళాలు లాక్కున్నావు కదా, అవి ఆయన చేతికే ఇవ్వు. తీసుకోనంటే కౌంటర్ మీద పెట్టి నీ పని చూసుకో.

అప్పడాలు అందాయని మీ అమ్మకి చెప్పు. మిరియాలు కాస్త ఎక్కువయ్యాయి.

మీ మామయ్య