అణు పుస్తకం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. మొదటిసారి బస్సులో, రెండోసారి ఇంట్లో పెన్సిల్ పట్టుకుని. భాష బాగుంది, చదివిస్తోంది. కానీ పుస్తకాన్ని హిరోషిమాతో మొదలుపెట్టావు. ఈ విషయం మీద రాసేవాళ్లలో చాలామంది అక్కడే మొదలుపెడతారు, నేనూ అక్కడే మొదలుపెట్టాను, అదొక రివాజైపోయింది. ఆ పుట్టగొడుగు మబ్బు ఒకసారి చూపించాక చదివేవాడు ఇంకేమీ వినడు. రియాక్టర్ బాంబులా పేలదు, అందులో వాడే యురేనియంలో బాంబుకు పనికొచ్చే రకం అంత చిక్కగా ఉండదు అని నువ్వు నలభయ్యో పేజీలో చెప్తావు, అప్పటికే ఆలస్యమైపోయింది.

హైదరాబాద్‌లోనే ఉంటున్నావు కదా, ఈసీఐఎల్ బస్సెక్కు. ఏఎస్ రావు నగర్‌లో చీరలు కొనేవాళ్లలో ఆ ఏఎస్ రావు ఎవరో ఎంతమందికి తెలుసు? 1956లో ముంబయిలోని ట్రాంబేలో మన దేశపు మొదటి రియాక్టర్ అప్సర మొదలైనప్పుడు దాని కంట్రోల్ వ్యవస్థ తయారుచేయించిన అయ్యగారి సాంబశివరావు, తర్వాత ఈసీఐఎల్‌ను ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీగా నిలబెట్టినాయన. ఆ పక్కనే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, 1971లో పెట్టారు. మన భారజల (హెవీ వాటర్) రియాక్టర్లకు ఇంధనం దశాబ్దాలుగా ఇక్కణ్నుంచే వెళ్తోంది. నీ మొదటి అధ్యాయం అక్కడుంది.

ఆ ఇంధనం ఎలా ఉంటుందో చూపించు. వేలి కొసంత నల్లటి బిళ్లలు, వాటిని పేర్చిన సన్నటి జిర్కోనియం గొట్టాలు, అలాంటివి 19 కలిపితే ఒక కట్ట. పొడవు అర మీటరు. 220 మెగావాట్ల రియాక్టర్లలో వాడేది ఇదే. కొత్తగా తయారైన కట్టను గ్లవ్స్ వేసుకుని చేత్తో ఎత్తొచ్చు. అదే కట్ట ఏడాదికి అటూ ఇటూగా రియాక్టర్‌లో ఉండి బయటికొస్తే, అడ్డం లేకుండా దాని దగ్గర నిలబడ్డవాడికి నిమిషాల్లో ప్రాణాంతకం, అందుకే మీటర్ల లోతు నీళ్లలో ఉంచుతారు. వస్తువు అదే, రూపం కూడా మారలేదు. ఈ ఒక్క కట్టను ముందూ తర్వాతా చూపిస్తే విచ్ఛిత్తి, అంటే పరమాణు కేంద్రకం చీలడం, ఏమిటో సగం చెప్పినట్టే. ఇంకో లెక్క కూడా వెయ్యి: ఆ కట్టలో ఉండే పదమూడు కిలోల పైచిలుకు యురేనియం నుంచి వచ్చే కరెంటు సుమారు ఆరు లక్షల యూనిట్లు, అంటే నెలకు 200 యూనిట్లు కాల్చే ఇళ్లు 250 ఉంటే వాటికి ఏడాది పొడవునా సరిపోతుంది. నేను కాగితం మీద వేసిన లెక్క ఇది, నన్ను నమ్మకుండా నువ్వు కూడా వేసి చూడు.

నీ రాతలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే, ఎక్కడా "ఎంత?" అనే ప్రశ్న లేదు. "రేడియేషన్ వెలువడింది", "ప్రమాదకర స్థాయి", "స్వల్ప మోతాదు". స్వల్పం అంటే? భయపెట్టే పుస్తకాలూ, భజన చేసే పుస్తకాలూ రెండూ చెడేది ఇక్కడే. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక పత్రికకు వ్యాసం రాస్తూ ఛాతీ ఎక్స్‌రేకు 100 మైక్రోసీవర్ట్‌ల దాకా పడుతుందని రాశాను (సీవర్ట్ ఒంటికి తగిలిన రేడియేషన్‌కు కొలత, మైక్రో అంటే అందులో పది లక్షలో వంతు). డెస్క్‌లో ఎవరికో లైను పట్టలేదట, "మైక్రో" కొట్టేశారు. ప్రూఫ్ చూసే బాధ్యత నాదే, చూసుకోలేదు. నాలుగైదు సీవర్ట్‌లు ఒక్కసారిగా ఒంటికి తగిలితే, వైద్యం అందకపోతే, సగం మంది బతకరు. నేను 100 వేయించాను! వారం తర్వాత ఒక పోస్టుకార్డు వచ్చింది: "అయ్యా, మీ వ్యాసం ప్రకారం నేను గత నెలలో రెండుసార్లు చచ్చిపోయాను." రిటైరైన ఇంజనీర్. ఆ కార్డు ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది.

పదాల సంగతి. అణువు, పరమాణువు గొడవ నీకు తెలిసిందే. బడి పుస్తకంలో అణువు అంటే మాలిక్యూల్, ఆటమ్ అంటే పరమాణువు, అణుబాంబులోనేమో అణువుతో సంబంధమే లేదు, అంతా కేంద్రకంలో జరిగే పని. అయినా జనం నాలుక మీదున్నది అణుశక్తే. నువ్వు పోరాడకు, మొదట్లో ఒక్క వాక్యంలో ఈ తిరకాసు చెప్పేసి, తర్వాత హాయిగా అణు విద్యుత్ అనే రాసుకో. ఒక కేంద్రకం చీలితే వచ్చే న్యూట్రాన్లు ఇంకొన్నిటిని చీల్చుకుంటూ పోవడాన్ని శృంఖల చర్య అని ఒకసారి, చైన్ రియాక్షన్ అని ఒకసారి రాశావు, ఏదో ఒకటే ఉంచు. "మితకారి" మాత్రం తీసెయ్, న్యూట్రాన్ల వేగం తగ్గించేది అంటే చాలు. ఆ పని చేసే భారజలం అన్నప్పుడు పక్కన మణుగూరు పేరు వెయ్యి. మామూలు నీళ్లలో ప్రతి ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువుల్లో ఒకటే భార హైడ్రోజన్, దాన్ని ఏరడానికి అక్కడ ఒక ఫ్యాక్టరీయే ఉంది.

చెర్నోబిల్ అధ్యాయంలో తప్పంతా రాత్రి డ్యూటీవాళ్ల మీద వేశావు. నువ్వు ఆధారపడిన పుస్తకం ఏ సంవత్సరానిదో చూశావా? 1986లో వచ్చిన అంతర్జాతీయ నిపుణుల నివేదిక ఎక్కువ తప్పు ఆపరేటర్లదే అంది. అదే బృందం 1992లో మళ్లీ రాసి, రియాక్టర్ డిజైన్‌లోని లోపాలను ముందుకు తెచ్చింది. ఆపడానికి దించిన కడ్డీలే మొదటి క్షణాల్లో చర్యను పెంచాయి మరి, వాటి కొసన గ్రాఫైట్ ఉంది. అందుకే ఈ సబ్జెక్టులో ఏ పుస్తకం పట్టుకున్నా ముందు అచ్చు వేసిన సంవత్సరం చూడాలి, అట్ట తర్వాత చూసుకోవచ్చు.

ఫుకుషిమా బాగా రాశావు, ఒక్కటి తప్ప. "రియాక్టర్లు ఆగకపోవడం వల్ల" అన్నావు. ఆగాయి తమ్ముడూ. 2011 మార్చి 11న భూకంపం రాగానే నడుస్తున్న మూడూ వాటంతటవే ఆగాయి. చైన్ రియాక్షన్ ఆగినా లోపల పుట్టిన కొత్త మూలకాలు విఘటనం చెందుతూ వేడి ఇస్తూనే ఉంటాయి, ఆగిన క్షణంలో అది మొత్తం వేడిలో ఆరేడు శాతం. నివురు గప్పిన నిప్పు అని మనకో మాట ఉంది కదా, అది వాడు. వాడి అక్కడితో వదిలెయ్యకు. నిప్పు మీద నీళ్లు పోస్తే ఆరిపోతుంది, ఇది ఆరదు, నీళ్లు దాని వేడిని మోసుకుపోతాయంతే, మోసే పంపుకి కరెంటు లేకపోతే కథ మళ్లీ మొదటికి. అక్కడ జరిగింది అదే, సునామీ జనరేటర్లను ముంచేసింది. పోలిక ఎక్కడ తెగుతుందో కూడా రాస్తే చదివేవాడికి నీమీద గురి కుదురుతుంది.

ఇక, నువ్వు ఏ పక్షం అని అడుగుతారు. అడగనీ. కడప జిల్లాలో యురేనియం గని ఉన్న తుమ్మలపల్లె వెళ్లు. అక్కడి రాయి టన్నుకు అర కిలో యురేనియం కూడా ఇవ్వదు, మిగతాదంతా ఎక్కడికి పోతుందో గని వ్యర్థాల చెరువుగట్టు మీద నిలబడి చూడు, బోరు నీళ్ల గురించి, అరటి తోటల గురించి ఊళ్లో వాళ్లు చెప్పేది విను, తర్వాత నీటి పరీక్షల అంకెలు అడుగు, గనివాళ్ల దగ్గరా ఊరివాళ్ల దగ్గరా అడుగు. శ్రీకాకుళం తీరంలో రియాక్టర్లు పెడతామంటున్న కొవ్వాడలో రియాక్టర్ ఇంకా లేదు, చేపల వేటకు వెళ్లేవాళ్లున్నారు, వాళ్లతో మాట్లాడకుండా ఆ అధ్యాయం రాయకు. థర్మల్ స్టేషన్ బూడిద పక్కన బతికేవాళ్లతో కూడా మాట్లాడు, ఆ మాట మర్చిపోతే పుస్తకం ఒక కాలు మీద నిలబడినట్టే.

స్వామి జ్ఞానానంద గురించి నీ దగ్గర ఒక్క పేరా ఉంది. పశ్చిమ గోదావరి నుంచి వెళ్లి సన్యాసం పుచ్చుకుని, తర్వాత లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పరిశోధన చేసి, విశాఖలో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖ పెట్టిన మనిషికి ఒక్క పేరానా? పెంచు.

వచ్చే నెల మొదటి వారం ఇంట్లోనే ఉంటాను, ఆ ఇంధన కట్ట అధ్యాయం రాసుకుని తీసుకురా. అన్నట్టు రెండో అధ్యాయం పదిహేడో పేజీలో రేడియోధార్మిక సీజియం-137 అర్ధాయువు, అంటే అది సగానికి తరిగే కాలం, 30 రోజులని పడింది. 30 సంవత్సరాలు. ముందు అది మార్చు.

మీ అన్నయ్య