సోడా యంత్రం గిట్టుబాటు అవుతుందా? లెక్క గ్యాస్ దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: మా ఇంట్లో నలుగురం. రోజుకు దాదాపు లీటరు సోడా నీరు కొంటాం. ఇంట్లోనే తయారుచేసుకునే యంత్రం కొంటే ఖర్చు బాగా తగ్గుతుందని మావారు అంటున్నారు. చిన్న యంత్రం వద్దు, పెద్ద గ్యాస్ సిలిండర్, రెగ్యులేటర్ పెట్టుకుంటే ఇంకా చౌక అని మా అబ్బాయి అంటున్నాడు. యంత్రాన్ని వడ్డీ లేని వాయిదాలపై ఇస్తామని దుకాణంవాళ్లు చెబుతున్నారు. ఏది కొనాలి? అసలు కొనాలా, వద్దా?

జవాబు: మీవారి మాటలోనూ, మీ అబ్బాయి మాటలోనూ నిజం ఉంది. అయితే ఇద్దరూ పరికరం దగ్గర లెక్క మొదలుపెట్టారు. సోడా అంటే నీరు, అందులో కరిగిన కార్బన్ డై ఆక్సైడ్, అంతే. నీటి ఖర్చు లెక్కలోకి వచ్చేంత ఉండదు. యంత్రానికి ఒకసారి డబ్బు పెడతారు, గ్యాస్‌కు మాత్రం ఆ యంత్రాన్ని వాడినన్నాళ్లూ పెడుతూనే ఉంటారు. ఆ గ్యాస్‌ను ఎవరి దగ్గర కొనాలి, ఏ ధరకు కొనాలి, అందులో ఎంత వృథా పోతుంది అనే మూడు విషయాలూ మీరు ఎంచుకునే పరికరంతోనే తేలిపోతాయి కాబట్టి, యంత్రం ఖరీదు కన్నా ముందు గ్లాసులోకి చేరే గ్యాస్ ధర తెలుసుకోవాలి.

బాగా నురగలు కక్కే సోడాలో లీటరుకు 7 నుంచి 8 గ్రాముల గ్యాస్ ఉంటుంది. కాస్త తేలికగా ఉంటే చాలనుకునేవారికి 4, 5 గ్రాములు సరిపోతాయి. ఇళ్లలో వాడే చిన్న యంత్రాల సిలిండర్లలో సాధారణంగా 400 గ్రాముల పైచిలుకు గ్యాస్ పడుతుంది, దాని మీద ‘60 లీటర్ల వరకు’ అని రాసి ఉంటుంది. 400ను 60తో భాగిస్తే లీటరుకు 7 గ్రాములు కూడా రావు. అంటే తేలికపాటి సోడాతో సరిపెట్టుకుని, ఏమాత్రం వృథా చేయకుండా ఉంటేనే ఆ అంకె నిజమవుతుంది. వాస్తవంలో మీట నొక్కిన ప్రతిసారీ కొంత గ్యాస్ నీటిలోకి వెళ్తే, కొంత పీడనం తగ్గించే వాల్వు గుండా బుస్సుమని బయటికి పోతుంది. లీటరుకు 10 గ్రాములు ఖర్చయితే అదే సిలిండర్ 40 లీటర్లకే వస్తుంది, 15 గ్రాములైతే 27 లీటర్లు కూడా దాటదు. అందుకే సిలిండర్ మార్పిడి ధరను, అంటే ఖాళీది ఇచ్చి నిండినది తెచ్చుకోవడానికి కట్టే మొత్తాన్ని, 60తో కాకుండా 40తో భాగించి, ఆ వచ్చినదాన్నే మీ లీటరు ఖర్చుగా తీసుకోండి.

ఆ వృథాను తగ్గించుకునే ఉపాయం మీ చేతిలోనే ఉంది. మామూలు వాతావరణ పీడనంలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 1.7 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ కరిగితే, సున్నా డిగ్రీల వద్ద సుమారు 3.3 గ్రాములు, అంటే దాదాపు రెట్టింపు కరుగుతుంది. పీడనం పెరిగిన కొద్దీ కరిగే వాయువు కూడా ఆ మేరకు పెరుగుతుందని విలియం హెన్రీ 1803లోనే చెప్పారు. యంత్రం చేసే పని ఆ పీడనం ఇవ్వడమే. చల్లదనం మాత్రం మీరే సమకూర్చాలి. నీటిని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు మీటను కొద్దికొద్దిగా నొక్కుతూ, బుస్సుమన్న శబ్దం రాగానే ఆపేస్తే గ్యాస్ ఖర్చు స్పష్టంగా తగ్గుతుంది.

ఇక గిట్టుబాటు లెక్క. యంత్రం ఖరీదును, మీరు ఇప్పుడు కొంటున్న లీటరు సోడా ధరకూ ఇంట్లో తయారయ్యే లీటరు ఖర్చుకూ ఉన్న తేడాతో భాగించండి. ఎన్ని లీటర్లు తాగితే పెట్టిన డబ్బు తిరిగి వస్తుందో తెలుస్తుంది. ఉదాహరణకు యంత్రం ఖరీదు మీరు కొనే 150 లీటర్ల సోడా ధరకు సమానమనీ, ఇంట్లో లీటరుకు అయ్యే ఖర్చు బయటి ధరలో 40 శాతమనీ అనుకుందాం. ఒక్కో లీటరుకు 60 శాతం మిగులుతుంది కాబట్టి 250 లీటర్ల దగ్గర లెక్క సరిపోతుంది. నెలకు 30 లీటర్లు తాగే మీ ఇంటికి అది ఎనిమిది నెలల పైమాట. కానీ మోజు తీరాక వాడకం నెలకు 10 లీటర్లకు పడిపోతే రెండేళ్లు దాటుతుంది. వంటింటి పరికరాల విషయంలో నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది దీనికే. దీనికి వ్యతిరేక దిశలో కూడా ఒక ప్రమాదం ఉంది. చేతికి అందుబాటులో ఉంది కదా అని రోజుకు రెండు లీటర్లు తాగుతూ, కంపెనీవాళ్లు అమ్మే రుచుల పాకాలు కూడా కొనడం మొదలుపెడితే, లీటరు చౌకైనా నెల ఖర్చు పెరిగిపోవచ్చు. అందుకే కొనేముందు ఒక నెలపాటు ఇంట్లోకి ఎన్ని లీటర్ల సోడా వచ్చిందో, అందులో ఎంత గ్యాస్ పోయి పారబోశారో రాసిపెట్టండి. మీ అంచనా ‘దాదాపు లీటరు’ ఆ కాగితం మీద ముప్పావు లీటరే అని తేలినా ఆశ్చర్యపోకండి.

మీ అబ్బాయి చెప్పిన పెద్ద సిలిండర్ విషయం జాగ్రత్తగా చూడాలి. గ్రాముకు లెక్క వేస్తే ఆ గ్యాస్ సాధారణంగా చాలా చౌక. పైగా ఆ పద్ధతిలో చల్లటి నీటిని ప్లాస్టిక్ సీసాలో పోసి, మిగిలిన గాలిని నొక్కి బయటికి పంపి, ప్రత్యేకమైన మూత బిగించి, నిలకడైన పీడనం కింద ఊపుతారు కాబట్టి వృథా కూడా తక్కువే. 5 కిలోల సిలిండర్ 500 లీటర్ల పైనే వస్తుంది. మీ వాడకంలో అది ఏడాదిన్నర మాట. సరిగ్గా అక్కడే చిక్కు. అన్నాళ్లలో ఎక్కడో ఒక వాషర్ సన్నగా లీకైతే, సగం డబ్బు చప్పుడు లేకుండా గాలిలో కలిసిపోతుంది. ప్రతి బిగింపు మీదా సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూసే ఓపిక, వాడకం అయ్యాక ప్రధాన వాల్వు మూసే అలవాటు ఉన్నవారికే ఇది లాభం. సిలిండర్‌ను నిర్ణీత గడువుకు ఒకసారి పీడన పరీక్ష చేయించాలి, దాని ఖర్చు కూడా కలుపుకోవాలి. నింపే గ్యాస్ ఆహార అవసరాలకు తగినదై ఉండాలి. 20 డిగ్రీల వద్దే లోపలి పీడనం దాదాపు 57 బార్లు, అంటే కారు టైరులో ఉండేదానికి ఇరవై రెట్ల పైన ఉంటుంది కనుక రెగ్యులేటర్ దగ్గర పొదుపు అనే ఆలోచనే రాకూడదు. సిలిండర్‌ను నిలువుగా, పడిపోకుండా కట్టి, గాలి ఆడే చోట ఉంచాలి. ఈ వాయువు గాలికన్నా బరువైనది, మూసిన గదిలో లీకైతే ఊపిరి ఆడదు. మీ వాడకం నెలకు 60, 70 లీటర్లు ఉంటే మీ అబ్బాయి పక్షమే వహించేవాణ్ని.

మీట నొక్కితే సోడా చిమ్మే సీసా, అంటే సోడా సైఫన్‌కు పెట్టుబడి అన్నిటికన్నా తక్కువ, కానీ లీటరుకు 8 గ్రాముల కార్ట్రిడ్జ్ (ఒక్కసారికే పనికొచ్చే చిన్న గ్యాస్ గొట్టం) ఒకటి ఖర్చవుతుంది. నెలకు ముప్పై కార్ట్రిడ్జ్‌లు కొని పారేయడం మీకు తగదు, ఎప్పుడో అతిథులు వస్తే వాడేవారికి అది చాలు. ఈస్టుతో పులియబెట్టి గ్యాస్ పుట్టించే పద్ధతి చౌకే గాని పీడనం అదుపులో ఉండదు. గాజు సీసాలు పగిలే ప్రమాదం ఉన్నచోట పొదుపు గురించి మాట్లాడను.

కాబట్టి మీకు సరిపోయేది చిన్న యంత్రమే. దుకాణంలో దాని రంగు, బొత్తాలు చూసే ముందు సిలిండర్‌ను బయటికి తీయించి చూడండి. మర తిప్పి బిగించేదా, లేక ఆ ఒక్క కంపెనీ బిగింపుకే సరిపడేదా? ఒకరికి మించి సరఫరాదారులు నింపి ఇచ్చే సిలిండర్ అయితే ధర పెంచినప్పుడు మీకు మరో దారి ఉంటుంది. ఒక్కరి చేతిలోనే ఉంటే, ఈనాటి యంత్రం తగ్గింపును రేపు గ్యాస్ ధరలో రాబట్టుకుంటారు. మార్పిడి ధర ఎంత, ఎంత దూరం వెళ్లాలి, డిపాజిట్ తిరిగి వస్తుందా అన్నవి కూడా అక్కడే అడగండి. కరెంటుతో నడిచే రకం వల్ల సోడాలో తేడా ఏమీ రాదు, చేత్తో నొక్కేదానిలో చెడిపోయే భాగాలు తక్కువ. ప్లాస్టిక్ సీసాలపై వాడకపు గడువు ముద్రించి ఉంటుంది. కొత్త సీసాల ఖర్చును కూడా లెక్కలో వేయండి. యంత్రంలో నీరు తప్ప ఇంకేమీ పోయకూడదు. రసాలు పోస్తే నురగ పైకెక్కి వాల్వు జిగురు పడుతుంది, అలాంటి మరమ్మతుకు వారంటీ సాధారణంగా వర్తించదు.

కొన్నాక ఒక్క అలవాటు చేసుకోండి. కొత్త సిలిండర్ బిగించేముందు దాన్ని వంటింటి తూకంపై పెట్టి బరువు రాసుకోండి. ఖాళీ బరువు చాలావరకు సిలిండర్ మీదే చెక్కి ఉంటుంది, రెండింటి తేడాయే మీరు కొన్న గ్యాస్. సిలిండర్‌లో గ్యాస్ చాలావరకు ద్రవంగా ఉంటుంది, ఆ ద్రవం ఉన్నంతవరకు పీడనం దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి మిగిలింది ఎంతో పీడనం కాదు, తూకమే చెబుతుంది. మొదటి సిలిండర్ అయిపోయేనాటికి ఎన్ని లీటర్లు వచ్చాయో చూస్తే, మీ ఇంటి అసలు ధర తేలుతుంది. రెండో సిలిండర్‌ను అదనంగా ఉంచుకోవాలా అన్నది అప్పుడు నిర్ణయించండి, ముందే కొనవద్దు.

వాయిదాల సంగతి. వడ్డీ లేదన్నప్పుడు ప్రాసెసింగ్ రుసుము ఎంతో, మొత్తం ఒకేసారి చెల్లిస్తే ఎంత తగ్గిస్తారో అడగండి. మీరు వదులుకునే తగ్గింపు, కట్టే రుసుము కలిపితే అదే వడ్డీ. ఒకేసారి చెల్లించగల స్తోమత ఉంటే అలాగే చెల్లించండి. లేకపోతే లెక్క రాసుకునే ఆ నెలతోపాటు మరికొన్నాళ్లు ఆగి డబ్బు పోగుచేసుకోండి. ఈలోపు ఎవరైనా కొని మూలన పడేసిన యంత్రం దొరికితే, వాల్వులు, వాషర్లు చూసి, సీసాలు మాత్రం కొత్తవి తెచ్చుకుని, దాన్నే వాడవచ్చు. పెట్టుబడి సగానికి తగ్గితే ఎనిమిది నెలల గడువు నాలుగు నెలలే అవుతుంది.